పిలుపు అందని ఒడ్డు

పెంబర్తిలో ఒక ఇత్తడి పనివాడు ఉండేవాడు. జనగామ పక్కనే ఉన్న ఊరు అది. ఇత్తడి రేకు మీద నగిషీకి కాకతీయుల కాలం నుంచీ పేరున్న ఊరు. ధ్వజస్తంభాలకు తొడుగులు, గర్భగుడి తలుపుల మీద దశావతారాలు, మకర తోరణాలు, ఉత్సవ వాహనాలు అక్కడ తయారవుతాయి. ఈయన చేతి పని చూస్తే పెద్ద పెద్ద స్థపతులు కూడా ఒక్క క్షణం ఆగి మళ్లీ చూసేవారు.

ఆ పనికి లక్క కావాలి. దాన్ని కరిగించి రేకు వెనక పోస్తారు. గట్టిపడ్డాక రేకు మీద ఉలి పెట్టి, సుత్తెతో చిన్నచిన్న దెబ్బలు వేస్తూ బొమ్మ దించుతారు. వెనక లక్క లేకుండా కొడితే రేకు చిరుగుతుంది, లేదంటే సొట్టపోతుంది. దెబ్బ పడేది రేకు మీదనే అయినా దాన్ని మోసేది లక్క. బొమ్మ పూర్తయ్యాక మళ్లీ వేడి చేసి లక్కను తీసేస్తారు. మెరుగు పెట్టిన తలుపు గుడికి పోతుంది, లక్క మళ్లీ మూకుట్లోకి పోతుంది.

ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో తెల్లారుతూనే లక్క పొయ్యి రాజేసేది ఆయన భార్య.

ఆమె తల్లిగారిది మానుకోట దిక్కు, బయ్యారం. చెరువు కట్ట కింద ఊరు. చిన్నప్పుడు సాయంత్రాలు ఆ కట్ట మీదనే కూర్చునేది, అమ్మ పిలిచేదాకా. పెళ్లయి పెంబర్తి వచ్చాక ఆమెను పిలిచేవాళ్లు ఎక్కువయ్యారు. "పిల్లా" అని అత్త, "వదినా" అని మరిది, "అమ్మా" అని పిల్లలు, "చిన్నమ్మా" అని పనికొచ్చే కుర్రాళ్లు. మొగుడిది పేరు కూడా లేని పిలుపు. "ఓయ్" అనేవాడు. ఉలి ఇటియ్యి, మంచినీళ్లు ఇటియ్యి, లక్క చల్లారింది సూడు. ప్రేమ లేక కాదు. ఆమె పేరెత్తి పిలవాల్సిన అవసరం ఆ ఇంట్లో ఎన్నడూ రాలేదు, అంతే.

బిడ్డను భూపాలపల్లిలో ఇచ్చారు. అల్లుడికి సింగరేణి బాయిలో పని. ఒక పండక్కి వచ్చినప్పుడు ఆ పిల్ల నవ్వుతూనే అన్నది: "బొగ్గు బాయికి సుత ప్లేడే ఉంటది నాయినా. మా అమ్మ పొయ్యికి ఏనాడన్న ప్లేడే చూసినవా?" ప్లేడే అంటే బాయిలో వారపు సెలవు. ఆయనకు ఆ మాట గుచ్చుకుంది. అల్లుడి తోటి కార్మికుడొకడు అప్పటికే భార్యాపిల్లలతో అండమాన్ తిరిగొచ్చి, ఫోన్లో ఫొటోలు చూపించి ఉన్నాడు. నీలం నీళ్లు, తెల్ల ఇసుక. ఇత్తడాయన చిట్టీ ఎత్తాడు. మాఘమాసంలో ఇద్దరే బయల్దేరారు.

కాజీపేటలో ఎక్కిన చెన్నై రైలు రాత్రి మానుకోట మీదుగా పోయింది. గార్ల స్టేషన్ దీపాలు వెనక్కి పోయేదాకా ఆమె కిటికీ వదల్లేదు. తల్లి పోయి తొమ్మిదేళ్లు. ఆ తర్వాత బయ్యారం పోలేదు. "పండుకోవా?" అన్నాడాయన. "చెరువు కనబడ్తదేమో అని," అన్నది. చీకట్లో ఏ చెరువూ కనబడలేదు.

చెన్నై నుంచి విమానం. దిగిన ఊరు పోర్ట్ బ్లెయిర్. 2024 నుంచి శ్రీవిజయపురం అంటున్నారు. ఆయన జేబులో ఒక కాగితం ఉంది. చూడాల్సిన చోట్లన్నీ అల్లుడు వరసగా రాసిచ్చాడు. ఒక్కో చోటు చూడగానే ఆయన పెన్నుతో గీత కొట్టేవాడు. గుడి తలుపు మీద అవతారాలు ఒక్కొక్కటీ పూర్తిచేసినట్టే.

సెల్యులార్ జైలు దగ్గర ఆమె వెనకబడిపోయింది. 1906లో కట్టడం పూర్తయిన జైలు అది. ఏడు రెక్కల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక రెక్కలోని గదుల ముఖం పక్క రెక్క వీపువైపు ఉండేలా కట్టారనీ, ఖైదీకి ఖైదీ ముఖం కనబడకూడదని అట్లా చేశారనీ గైడు చెబుతున్నాడు. ఆమె ఒక గది లోపలికి పోయి నిలబడి వచ్చింది.

"ఈడున్నోళ్లను ఏండ్లకేండ్లు ఒక్కలు సుత పిలువకపోయె గదా?" అని అడిగింది.

"ఎవలు పిలుస్తరే జైల్ల?" అని ఆయన కాగితం మీద గీత కొట్టాడు.

అక్కడి నుంచి ఓడలో నీల్ దీవికి. 2018 చివర్లో దానికి షహీద్ ద్వీప్ అని కొత్త పేరు వచ్చింది గానీ ఆటోవాళ్ల నోట్లో ఇంకా నీలే. ఓడ కోసం వరసలో నిలబడి ఉండగా ఇంటి నుంచి ఫోన్. అత్త: "పిల్లా, ఉప్పు డబ్బ ఏడ పెట్టినవ్?" పావుగంటకు మరిది: "వదినా, మోటరు స్టార్టరు ఏడున్నది?" సముద్రం మధ్యకు పోయాక గానీ ఫోన్ మూగబోలేదు.

దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులు స్థిరపడ్డ దీవి అది. ఊళ్లకు రామాయణం పేర్లున్నాయి: రామ్‌నగర్, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. ఆటో మీద రాసిన పేర్లు చదువుకొని ఆమె ఆశ్చర్యపోయింది. "మన పాలకుర్తి పక్క వల్మిడి వాల్మీకి ఉన్న ఊరంటరు కదా. ఆయన పెట్టిన పేర్లు సంద్రం దాటి ఈడిదాకా వచ్చినయి సూడు." ఆయన అప్పటికే ఆటో బేరం ఆడుతున్నాడు.

భరత్‌పూర్ ఒడ్డున దిగారు. ఆమె చెప్పులు విడిచి, ఇసుక మీద కూర్చుంది.

పది నిమిషాలయింది. ఫొటోలు అయిపోయాయి.

"లే, పోదాం. ఇంక మూడు పాయింట్లున్నయ్. ఆటో ఆయన గంటకింతని తీసుకుంటడు."

"నువ్వు పోయి రా. నేనీడనే కూసుంట."

"గిన్ని పైసలు పెట్టి వస్తే కూసుంటందుకా? కూసునేదైతే పెంబర్తిల లేదా జాగ?"

ఆమె జవాబు చెప్పలేదు. నీళ్ల వైపే చూస్తోంది. బొండాలమ్మే ముసలాయన ఒకడు వాళ్ల మాటలు విని దగ్గరికొచ్చాడు. శ్రీకాకుళం జిల్లా మనిషి. తండ్రి కాలంలోనే వేటకొచ్చి ఇక్కడ ఉండిపోయారట. ఆ దీవుల్లో తెలుగు కొత్త కాదు. 2011 జనాభా లెక్కల్లో అక్కడ పదిమందిలో ఒకరికి పైగా తెలుగే మాతృభాష. "ఇప్పుడు పోటు మీదుంది బావూ," అన్నాడాయన. "ఆ రాతి వంతెన కాడికి ఇప్పుడెల్లినా నీరే కనబడతాది. నీరు దిగినాక సూడాల. అమ్మ కూకున్నదే మంచిది."

ఇత్తడాయనకు అది నచ్చలేదు. ఒక్కడే ఆటో ఎక్కాడు. లక్ష్మణ్‌పూర్ రెండో ఒడ్డున పగడపు రాయి వంపు తిరిగి వంతెనలా నిలిచి ఉంటుంది. దాని కోసమే జనం వస్తారు. కానీ దారంతా నీళ్ల కింద ఉంది. రాళ్ల మీద జారుతూ కొంత దూరం పోయి, మోకాళ్లదాకా తడిసి, వెనక్కి వచ్చాడు. సీతాపూర్ పోయాడు. అది సూర్యోదయానికి పేరున్న ఒడ్డు, ఈయన పోయింది నడి మధ్యాహ్నం. రెండింటికీ గీత కొట్టాడు. మూడు గంటల తర్వాత భరత్‌పూర్ తిరిగొచ్చేసరికి ఇసుక మీద ఆమె లేదు. చెప్పులున్నాయి.

సముద్రమూ అక్కడ లేదు. పొద్దున నీలంగా ఊగిన నీళ్లు ఎంతో దూరం వెనక్కి పోయి, వాటి అడుగు బయటపడింది. నల్లటి రాళ్లు, పచ్చటి పాచి, మధ్యమధ్య అద్దపు ముక్కల్లా నీటి మడుగులు. ఆ రాళ్లలో చాలా దూరాన ఒక మనిషి. చీర కుచ్చెళ్లు పైకి దోపుకొని ఒక మడుగు మీదికి వంగి ఉంది. వేలు నీళ్లలో పెట్టి తీస్తోంది, పెట్టి తీస్తోంది. ఏదో చిన్న చేప వేలి దగ్గరకొచ్చి పారిపోతున్నట్టుంది. ఆమె నవ్వుతోంది. చప్పుడు ఇక్కడికి వినబడడం లేదు గానీ భుజాలు కదలడం కనబడుతోంది. ఎత్తుపల్లాల నీడలు చూసి బొమ్మ దించే కళ్లు ఆయనవి. ఆ భుజాలు అట్లా కదలడం తన ఇంట్లో ఎప్పుడు చూశాడో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు.

"ఓయ్" అనడానికి నోరు తెరిచాడు.

ఆ పిలుపు గొంతులోనే ఆగింది. అది బయటికొస్తే ఆమె తల తిప్పుతుంది. తిప్పగానే ఆ నవ్వు పోయి, "ఏం గావాలె?" అనే ముఖం వస్తుంది. ఆ ముఖం ఆయనకు బాగా తెలుసు. ముప్పై ఏళ్లుగా తాను ఎప్పుడు పిలిచినా ఎదురొచ్చింది ఆ ముఖమే.

ఆయన ఆమె చెప్పుల పక్కన కూర్చున్నాడు. ఆటో ఆయన హారన్ కొట్టాడు. చేత్తో సైగ చేసి, లెక్క ఇచ్చి పంపేశాడు. జేబులో కాగితం తడిసిపోయి ఉంది. ఆ తర్వాత దాన్ని బయటికి తీయలేదు. ఎంతసేపు కూర్చున్నాడో లెక్క లేదు. నీళ్లు ఒక దగ్గర ఆగి, మెల్లగా మళ్లీ ఇటు తిరిగాయి. అప్పుడు ఆమె తనంతట తానే లేచి, వెనక్కి తిరిగి, ఆయన్ని చూసి, చేయి ఊపింది.

వచ్చి పక్కన కూర్చుంది. చేతిలో తెల్లటి పగడపు ముక్క. బొండాల ముసలాయన చూసి, "అది తీసుకెల్లకూడదమ్మా, చట్టం ఒప్పుకోదు, అక్కడే ఒగ్గీండి" అన్నాడు. ఆమె మళ్లీ రాళ్లదాకా పోయి, తీసిన చోటే పెట్టి వచ్చింది.

"పాయింట్లు మంచిగున్నయా?" అని అడిగింది.

"నీళ్లున్నయ్," అన్నాడాయన. కాసేపాగి, "నువ్వేం జూసినవో చెప్పు," అన్నాడు.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. మడుగులో నీలం చేప, ఒంటి చేతి ఎండ్రకాయ, ముట్టుకుంటే ముడుచుకున్న పువ్వు లాంటి జీవం. చెబుతూ చెబుతూ చివరికి అన్నది: "నీళ్లు ఎన్కకు పోయేది కండ్లతోని కనబడదు. చూస్తాంటే పోయినట్టే ఉండది. కూసొని కూసొని చూస్తే పోయి ఉంటది. నన్ను నడుమల ఎవలూ పిలువలే. గందుకే జూసిన."

పెంబర్తికి తిరిగొచ్చిన మరుసటి రోజు తెల్లవారుజామున ఆమెకు వాకిట్లో ఏదో చప్పుడై మెలకువ వచ్చింది. మూకుడు పొయ్యి మీద పెట్టిన చప్పుడు. కాసేపటికి లక్క మాడిన వాసన. ఆయనకు మంట లెక్క తెలియదు. ఆమె లేవబోయి, మళ్లీ పడుకుంది. కళ్లు తెరిచే ఉన్నాయి.

నీతి

దీవి ఎక్కడ ఉన్నా మనిషికి తీరిక ఇచ్చేది దాని ఇసుక కాదు, పిలవబోయి ఆగిన నోరు. ఈ కథకు నేను చెప్పగల నీతి ఇదే. పిలుపే చెడ్డదని అనడం లేదు. ఏళ్ల తరబడి ఎవరూ పిలవని గది ఎట్లా ఉంటుందో ఆ జైలు చూసినవాళ్లకు తెలుసు. రోజంతా పని చెప్పడానికే పిలిచే ఇంట్లో, పని చెప్పకుండా పక్కన కూర్చునే గంట ఒకటి ఉండాలంటున్నాను.

2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతటా మనుషుల సమయం ఎటు పోతుందో లెక్క తీసింది. ఆ ఏడాది ఇంటి పనిలో చేయి పెట్టిన ఆడవాళ్లు అందుకు రోజుకు సగటున 299 నిమిషాలు ఇచ్చారు, అంటే దాదాపు ఐదు గంటలు. మగవాళ్లలో అసలు చేయి పెట్టిందే సుమారు నలుగురిలో ఒకరు. వాళ్లు ఇచ్చింది 97 నిమిషాలు. ఇందులో ఆదివారానికి మినహాయింపు లేదు, పండుగకు పని ఇంకా ఎక్కువ. బొగ్గు బాయిలో వారానికొక సెలవు ఉండాలని కార్మికులు కొట్లాడి సాధించుకున్నారు. వంటింటి తరఫున ఆ కొట్లాట ఎవరు చేశారు?

మన పాతవాళ్లకు ఈ సంగతి తెలియక కాదు. బతుకమ్మకు ఆడబిడ్డను తల్లిగారింటికి తోలుకొచ్చే ఆనవాయితీ ఊరికే పుట్టలేదని నేను నమ్ముతాను. ఆ తొమ్మిది రోజులు ఆమెకు పొయ్యి లేదు, అత్త పిలుపు లేదు. పొద్దెక్కేదాకా పడుకున్నా "పడుకోనీ" అనే గొంతు ఒకటి ఇంట్లో ఉండేది. మన పల్లెల్లో ఆడవాళ్లకు దక్కిన మొదటి దీవి తల్లిగారిల్లే. తల్లి పోయాక ఆ దీవి మునిగిపోతుంది. అన్నదమ్ములు ఎంత మంచివాళ్లయినా, వదినకు సాయం చేయాల్సిన చుట్టంగానే ఆమె మళ్లీ ఆ గడప తొక్కుతుంది. పెళ్లాంతో కలిసి ఎక్కడికైనా పోవాలనుకునే నడివయసు మగవాళ్లు ముందు ఈ లోటును గుర్తు పట్టాలి. టికెట్ల లెక్క తర్వాత.

అందుకు అండమాన్ దాకా పోనక్కరలేదు. మన దగ్గరే లక్నవరం ఉంది. 2019 ఫిబ్రవరిలో ములుగు వేరు జిల్లా అయ్యేదాకా అది జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోదే. కాకతీయ గణపతిదేవుడి కాలంలో గుట్టల మధ్య సందులకు కట్టలు వేసి నీళ్లు ఆపారు. లోయ నిండింది, మునగని గుట్ట తలలు దీవులై మిగిలాయి. ఇప్పుడు వాటికి వేలాడే వంతెన వేశారు, పడవలున్నాయి, రాత్రి ఉండటానికి గదులూ ఉన్నాయి. నేను పోయిన ఒక ఆదివారం అక్కడ చెట్ల కింద మూడు రాళ్ల పొయ్యిలు వరసగా మండుతున్నాయి. ఇంటిల్లిపాదీ వనభోజనాలకు వచ్చారు. మగవాళ్లు, పిల్లలు పడవల్లో ఉన్నారు. పొగకు కళ్లు తుడుచుకుంటూ మాంసం కలియబెడుతున్న ఆవిడను "మీరు దీవికి పోలేదా అమ్మా?" అని అడిగాను. "అన్నం దించినంక పోతనయ్యా," అన్నది. సాయంత్రం వాళ్ల వ్యాను బయల్దేరినప్పుడు ఆవిడ గిన్నెలు కడిగి ఎక్కిస్తోంది. వంతెన ఎక్కగా నేను చూడలేదు. ఎవరినో తప్పు పట్టడానికి చెప్పడం లేదు ఇది. ఆ రోజు పడవలో కూర్చున్నవాళ్లలో నేనూ ఉన్నాను, మా ఇంటి పొయ్యీ ఆ వరసలోనే ఉంది.

అప్పటి నుంచి మేం ఎక్కడికి పోయినా అన్నం బయటే కొనుక్కుంటున్నాం. ఖర్చు ఎక్కువే. ఆ డబ్బుతో కొంటున్నది అన్నం కాదని తెలిసి కొంటున్నాం. గణపురం కోటగుళ్ల దగ్గర మొదటిసారి మా ఇంటావిడ ఒక స్తంభం దగ్గర గంటన్నర కూర్చుంది. లోపల ఇంకా చూడాల్సినవి ఉన్నాయని చెప్పబోయి ఊరుకున్నాను. ఊరుకోవడం వస్తుందిలే అనుకున్నాను గానీ అది కూడా నేర్చుకోవాల్సిన పనే. మొదట్లో పది నిమిషాలు పట్టుకోవడం కష్టమైంది.

బయ్యారం చెరువు గురించి ఒక మాట. దాన్ని కట్టించింది గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ. అక్కడ ఆమె వేయించిన శాసనం కాకతీయుల వంశక్రమం చెప్పడంతో చరిత్రకారులకు అది పెద్ద ఆధారమైంది. అంటే తన పుట్టింటి పేర్లు వరసపెట్టి ఆ రాతి మీద చెక్కించింది ఒక ఆడబిడ్డ. నాకు ఆ శాసనం కంటే ముందు ఆమె కట్టించిన కట్టే గుర్తొస్తుంది. కిందటి వానాకాలం చెరువు నిండినప్పుడు సాయంత్రం అటు పోయాను. కట్ట మీద ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. నాట్లు వేసి వస్తున్నట్టున్నారు, మోకాళ్ల కింద బురద ఇంకా ఆరలేదు. చెప్పులు పక్కన పెట్టుకున్నారు. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. ఒకామె కొంగు ముడిలో ఫోన్ మోగింది. తీసి, ఎవరో చూసి, మోగుతుండగానే మళ్లీ ముడిలో పెట్టుకుంది. నీళ్ల మీద కొంగలు గూళ్లకు తిరుగుతున్నాయి. ఫోన్ ఆగిపోయింది. ఆమె కాళ్లు ముందుకు చాపుకుంది.